ఱాతినేలయు ద్రాక్షతీగెయు

మా యింటి కొట్టుగదిలో రాగుల సంచుల వెనుక దసరా మొదలు సంక్రాంతి వఱకు ఒక సీసా దాగియుండెను. ఆ సీసాను గూర్చియు, అది పుట్టిన దేశమును గూర్చియు సోదరీమణులకు నాలుగు మాటలు విన్నవింపవలెనని మా కోరిక. మద్యపానమును పొగడుటకు మేము పూనలేదు. మా వంశమున దానిని ముట్టినవారు లేరు. మేమును దాని రుచి యెఱుంగము. ఐనను ఆ సీసా మూలమున మేము చదివి తెలిసికొన్న సంగతులలో మెట్టసీమ గృహిణులకు పనికివచ్చునవి కొన్ని కనబడినవి. అందుచే వ్రాయుచున్నాము.

మావారు ఉపాధ్యాయులు. మాది పెనుగొండ ప్రాంతము. 2022 వఱకు అనంతపురము జిల్లా యనబడి, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన భాగము. మావారివద్ద చదువుకొన్న విద్యార్థి యొకడు ఫ్రాన్సు దేశమున లియాన్ నగరమందు ఉద్యోగము చేయుచున్నాడు. వాడు దసరాకు స్వగ్రామము వచ్చి, గురుదర్శనము చేసి, పండ్లతోను శాలువతోను గూడ ఒక యెఱ్ఱని ద్రాక్షాసవపు సీసాను బల్లపై నుంచెను. ఆ దేశమున ఎవరింటికైన భోజనమునకు పోవునపుడు ఇట్టి సీసా గొనిపోవుట మర్యాదయట. అబ్బాయి మనసున కల్మషము లేదు. మావారు నవ్వి, "ఏమిరా, అయ్యవారికి సారాయి తెచ్చితివా?" అనిరి. వాడు ఎఱ్ఱబడి, "సారాయి కాదండీ, వైను. అక్కడ ముసలివారు గూడ అన్నములో త్రాగుతారు" అనెను. దూరదేశమునుండి మోసికొనివచ్చిన కానుకను వెంటనే త్రిప్పియిచ్చుటకు మొగమాటపడి ఊరకుంటిమి. వాడు పోయిన పిమ్మట మా అత్తగారు ఆ బల్లను పసుపునీటితో రెండుమాఱులు తుడిపించిరి.

ఇచ్చట నొక్కమాట చెప్పకుండ నుండలేము. మా అత్తగారు నిత్యము భోజనానంతరము రెండు చెంచాల ద్రాక్షారిష్టమును అంతే నీటితో కలిపి సేవింతురు. అరిష్టములు, ఆసవములు పులియబెట్టి చేయు నౌషధములు. పులియుటచే తనంత పుట్టిన మద్యాంశము వానిలో కొంత యుండును; సీసాపై చీటిలోనే ఆ సంగతి అచ్చువేయుదురు. ఈ రహస్యమును మేము వారి చెవిని వేయలేదు. ఈ వ్యాసమును వారికి చదివి వినిపించునపుడు ఈ భాగమును దాటవేయ నిశ్చయించుకొన్నాము.

రెండు వారములు గడచెను. మా యింట అంట్లు తోమునామె కొట్టుగది ఊడ్చుచు ఆ సీసాను చూచెను. చీపురు చేతబట్టుకొని గడపలో నిలిచి, "అయ్యవారు గూడా తాగుతారామ్మా?" అని యడిగెను. మేము కంగారుపడి, అది కానుకగా వచ్చినదనియు, పరదేశపు ద్రాక్షరసమనియు, వైను అనియు ఏమేమో చెప్పితిమి. "వైనంటే నాకు తెలీదామ్మా? మా వీదిలో ఉండే అంగడి అదేగదా" అని ఆమె మఱల ఊడ్చుకొనసాగెను. ఆమె మొగమున కోపము లేదు, ఆశ్చర్యమును లేదు. ఏదో యొక పాత లెక్క సరిపోయినట్లుండెను. కొంతసేపటికి తనలో తాననుకొన్నట్లు, "మా యప్పను అయ్యవారి దగ్గరికి పిల్చకరావాలనుకుంటి. ఆయన మాటయితే ఇంటాడని" అనెను. మా యప్ప యనగా తన బిడ్డలకు అప్ప, తన పెనిమిటి. అతని దినకూలి సాయంకాలమునకు ఏ దుకాణమున చేరునో మా వీధివారి కందఱకును తెలియును. పిలిచికొనివచ్చుమని మేము ఆ దినము రెండుమాఱులు చెప్పితిమి. ఆమె తలయూచెనేగాని పిలిచికొని రాలేదు.

మన రాష్ట్రమున మద్యపు దుకాణముల కెల్ల 'వైన్స్' అని పేరుపలకలు వ్రేలాడుచుండుట సోదరీమణులు చూచియే యుందురు. అందు ముఖ్యముగా అమ్ముడగునవి బ్రాందీ, విస్కీ, రమ్ము, బీరు. ద్రాక్షాసవము నడుగువారును అరుదు, చూపువారును అరుదు. పేరు ద్రాక్షది, సరుకు వేఱొకటి. కావున మా పనిమనిషికి మేము చెప్పిన సంజాయిషీలో ఆమె చెవికి సోకినది ఆ పేరొక్కటియే. దోషము ఆమెది కాదు. ఆ రాత్రి మావారు, "పోనీ, ఇంతకును అది యేమో తెలిసికొందము, తెలియక దాచుట మఱింత తప్పు" అనిరి. అటుపై మేము లియాన్‌లోని అబ్బాయిని ప్రశ్నలతో వేధించి, దొరికిన పుస్తకములు చదివి తెలిసికొన్న విషయ మిది.

ఆ సీసా రోను నదీప్రాంతపుది. రోను నది స్విట్జర్లాండు దేశపు మంచుకొండలలో పుట్టి, జెనీవా సరస్సు జొచ్చి వెలువడి, లియాన్ వద్ద సోన్ నదిని గలసికొని, అచ్చటనుండి తిన్నగా దక్షిణమునకు బాఱి మధ్యధరాసముద్రమున గలియును. మొత్తము 812 కిలోమీటర్లు. లియాన్‌కు దిగువను ఆవిన్యోన్ పట్టణము దాటువఱకు ఈ నదికి ఇరుదెసలను గల నేలలో పండిన ద్రాక్షతో చేయు ఆసవమునకు 'కోత్ ద్యు రోన్', అనగా రోను చరియలు, అని పేరు. ఆవిన్యోన్‌లో 1309 మొదలు 1377 వఱకు క్రైస్తవ మతాచార్యులగు పోపులు రోమును విడిచి కాపురముండిరి. వారు వేసవి విడిదికి కట్టించుకొన్న కోటనుబట్టి ఒక గ్రామమునకు 'షాతోనెఫ్ ద్యు పాప్', పోపుగారి క్రొత్తకోట, అను పేరు నిలిచెను. విజయనగర రాయలకు పెనుగొండ యెట్లో వారి కాయూరట్లు. ఇప్పుడా కోటలో మిగిలినవి మొండిగోడలే. చుట్టును ద్రాక్షతోటలు మాత్రము నిలిచియున్నవి.

ఆ తోటల చిత్రము చూచినపుడు మాకు కలిగిన యాశ్చర్యము చెప్పనలవి కాదు. మన్ను కనబడదు! గ్రుడ్లవలె, కొబ్బరికాయలవలె గుండ్రని ఱాళ్లు నేలనెల్ల కప్పియున్నవి. వాని నడుమ మోకాలెత్తు మోడులవలె తీగెలు వరుసలు దీర్చియున్నవి. పందిరి లేదు, కాలువ లేదు. పూర్వము రోను నది కొండలనుండి దొర్లించి తెచ్చి నునుపుచేసి విడిచిన ఱాళ్లవి. పగటి యెండను త్రాగి రాత్రి తీగెలకు వెచ్చదనమిచ్చును. అడుగున నున్న బంకమట్టిలోని చెమ్మను ఎండకు పోనీయక కాచును. మా తాతగారు చేనిలోని గులకఱాళ్లను పూర్తిగా ఏరనిచ్చెడివారు కారు. "ఱాయి చెమ్మను కాచును, కొంత ఉండనీ" అనెడివారు. పని తప్పించుకొనుటకు పలికిన మాటయని మేము చిన్నతనమున నవ్వుకొనెడివారము.

ఇంతకంటె వింత వాన లెక్క. మన అనంతపురపు సీమకు సాలీనా పడు వాన సగటున 22 అంగుళములు. నైరృతి మేఘములను పడమటి కనుమలు అడ్డగించును. ఈశాన్య మేఘములు తూర్పుతీరముననే కురిసి మనవఱకు వచ్చునప్పటికి తేలిపోవును. రాజస్థానపు జైసల్మేరు తరువాత దేశమున అత్యల్పవర్షము గల జిల్లా మనదేయని పేరు. మఱి ఆవిన్యోన్‌కు? పాతిక మొదలు ఇరువది యెనిమిది అంగుళములు! తేడా అంతమాత్రమే. ఐనను షాతోనెఫ్ తోటలలో తీగెలకు నీరుపెట్టుట నియమవిరుద్ధము. తీవ్రమైన అనావృష్టి వచ్చినయేట మాత్రము అనుమతి పొంది పెట్టవచ్చును. నీరు పైని దొరకనందున వేళ్లు లోతునకు దిగి వెదకికొనును. ఏబది, ఎనుబది యేండ్ల తీగెలు అచ్చట సామాన్యము. పంట కొంచెమే. చట్టమే ఎకరమునకు సుమారు 1,400 లీటర్ల ఆసవమునకు మించి తీయరాదని కట్టడి చేసినది.

దీనిని చదివి, మనమును అట్లేల చేయరాదని మేము తొందరపడితిమి. మా యన్నగారు విని తల యడ్డముగా త్రిప్పిరి. వారికి చలికాలమున తీగె ఆకు రాల్చి నాలుగైదు మాసములు నిద్రించును; వేసవి యెండ మన యెండ కాదు. మన సీమలో తీగెకు నిద్ర లేదు. ఏడాది పొడుగున చిగిర్చుచునే యుండును. అందుచే మనవారు ఏటికి రెండుమాఱులు కత్తిరింపవలయును, వేసవి మొదట కొమ్మకొఱకు, వానలు వెనుకబట్టిన పిమ్మట కాయకొఱకు. నిద్రలేని చెట్టునకు ఆకలియు దప్పియు నెక్కువ. మఱియు మన యెఱ్ఱనేల లోతు తక్కువ. మూరెడు త్రవ్విన చట్టుబండ తగులు చేలు ఎన్ని లేవు!

అన్నగారు ఈ మాటలు పుస్తకము చదివి చెప్పలేదు. పండ్రెండేండ్ల క్రిందట ఆయన రెండెకరముల దిల్‌ఖుష్ ద్రాక్ష నాటిరి. ఱాతి స్తంభములు నిలిపి, తంతులల్లి పందిరి వేయుటకే పెట్టుబడిలో సగము పోయెను. నాలుగువందల అడుగుల బోరున నీరు పడెను. మూడేండ్లు గుత్తులు పందిరినుండి దీపముల గుత్తులవలె వ్రేలాడినవి. బిడ్డలము అందఱమును పుట్టింట చేరి, తట్టలకెత్తుచు, ఒకటి తట్టలోనికి రెండు నోటిలోనికిగా గడపిన దినములవి. నాలుగవయేట చుట్టుప్రక్కల బోరులు పెరిగి మా బోరు ఎండెను. ఆరువందల యడుగులు, ఎనిమిదివందల యడుగులు, మఱల మఱియొకచోట. మూడింటను దుమ్మే వచ్చినది. వదినెగారి గాజులు బ్యాంకునకు పోయి తిరిగి రాలేదు. ట్యాంకరుతో నీరు తోలించి ఒక వేసవి తీగెలను కాచిరి. ఆ మఱుసటి వేసవి ఒకనాటి తెల్లవాఱుజామున ఆయనయే గొడ్డలి పుచ్చుకొని పోయి, కూలివాండ్రను పిలువక, ఒక్కడుగా నఱికివైచిరి. నేటికిని ఆ ఱాతిస్తంభములు చేనిలో నిలిచియున్నవి. పైకప్పులేని గుడిమండపమువలె నుండునని వదినెగారు అటువైపు చూడరు.

ఈ సందర్భమున ఫ్రాన్సు వార్త యొకటి ఆమెకు చెప్పితిమి. ఆ దేశమున ఇటీవల ద్రాక్షాసవము త్రాగువారు తగ్గి, సరుకు నిలిచిపోయి, రైతులు నష్టపడిరి. 2024వ సంవత్సరమున ప్రభుత్వమువారు, తోట పెరికివేయుటకు ఒప్పుకొన్న రైతునకు హెక్టారునకు 4,000 యూరోల చొప్పున ఈయ నేర్పఱచిరి. తాతలనాటి తీగెలను పెరికి యేడ్చిన కుటుంబములు అచ్చటను కలవు. వదినెగారు అంతయు విని, "పీకినందుకు గూడా దుడ్డిస్తారా? మనకు నాటినందుకు అప్పు మిగిలెగదా" అని లేచి వంటింటిలోనికి పోయిరి.

ఇక ఆసవపు సంగతి. ఆ సీసాలోనిది ఒకే జాతి ద్రాక్షరసము కాదు. మూడు జాతుల మేళనము. గ్రెనాష్ అనునది ఎండకును గాలికిని ఓర్చునది, తీపియు వేడియు నిచ్చును. సిరా అనునది రంగును, మిరియపు ఘాటువంటి వాసనను ఇచ్చును. మూర్వెద్ర్ అనునది వగరునిచ్చి నిలువ యుంచును. షాతోనెఫ్‌లో ఇట్లు పదుమూడు జాతులకు అనుమతి. రంగు భేదముల నెంచిన పదునెనిమిది. మేళనము రుచికొఱకే యని మేమనుకొంటిమి. అబ్బాయి వ్రాసినదేమనగా, గ్రెనాష్‌కు పూత రాలు జబ్బు కలదు. అది రాలినయేట తక్కినవి ఆదుకొనునట. ఈ వివేకము మనకు క్రొత్తదా? వేరుసెనగ చేనిలో కందిసాళ్లు, అలసందలు, గట్టున ఆముదపు చెట్లు వేయుట మా పెద్దల పద్ధతి. వేరుసెనగ పోయినను కంది నిలుచును. ధరకు ఆశపడి చేనంతయు వేరుసెనగయే వేయ మొదలిడిన పిమ్మట, వాన తప్పినయేట ఇంటికి గింజ వచ్చుట మానినది.

ఆస్వాదకులు నోటికి తగులు చిక్కదనమునుబట్టి ఎఱ్ఱని ఆసవములను మూడు తరగతులు చేయుదురట. మనకు తెలియునట్లు చెప్పవలెనన్న చారువలె పలుచనివి, పులుసువలె చిక్కనివి, నడుమ పప్పుచారువంటివి. మా సీసాలోనిది పప్పుచారు తరగతి. మన లాక్షణికులు కవిత్వమును ద్రాక్షాపాకము, కదళీపాకము, నారికేళపాకమని మూడుగా జెప్పిరి కదా. ఆ లెక్కను ద్రాక్షతో చేసిన ఈ పదార్థము ద్రాక్షాపాకము కాక కదళీపాకమైనది!

చేయు విధానము మన పిండి పులియబెట్టుట వంటిదే. ద్రాక్ష కండలో ఎఱుపు లేదు, తోలులో నున్నది. కావున పండ్లను చిదిపి తోలుతో గూడ తొట్లలో నుంతురు. మధుశిలీంధ్రమను సూక్ష్మజీవి రసములోని చక్కెరను తిని మద్యముగను వాయువుగను మార్చును. తొట్టి ఉడికినట్లు నురుగెత్తును. వారము, రెండు వారములు చూచి, వడగట్టి, పిండి, నిలువ చేయుదురు. ఉదయమున తీయగా నున్న ఈతకల్లు సాయంకాలమునకు పులిసి మత్తెక్కించుటయు ఈ జీవుల పనియే. ఆసవము చెడిపోవుటకు కారణము వెదకి 1866లో గ్రంథము ప్రకటించిన పాశ్చరు మహాశయుడే తరువాత 1885లో పిచ్చికుక్కకాటునకు టీకా వేసి బాలుని బ్రదికించెను.

పుట్టినచోటి పేరును కాచుకొనుటలో ఆ రైతులు మిక్కిలి పట్టుదల గలవారు. ఎచ్చటనో పండిన ద్రాక్షతో చేసి షాతోనెఫ్ పేరు పెట్టి అమ్మెడి మోసగాండ్రు పెరుగగా, 1923 ప్రాంతమున బ్యారన్ ల రువా అను న్యాయవేత్త ఆ గ్రామస్థులను కూడగట్టి ఏ నేల, ఏ జాతి, ఎంత పంట యను నియమములు వ్రాయించెను. 1935లో దేశమంతటికిని అట్టి చట్టము వచ్చెను. కోత్ ద్యు రోన్ పేరునకు 1937లో రక్షణ కలిగెను. పట్టుదల మితిమీఱినచో నెట్లుండునో యొక ముచ్చట: 1954లో ఆకాశమునుండి పళ్లెములవంటి విమానములు దిగుచున్నవని లోకమున వదంతులు పుట్టినపుడు, షాతోనెఫ్ గ్రామాధ్యక్షుడు అట్టి విమానము లేవియు తమ తోటలలో దిగరాదని శాసనము చేసెను. ఇంతవఱకు ఏ విమానమును ఆ యాజ్ఞను మీఱలేదు.

ఈ స్థలనామపు ఆచారము ఫ్రెంచివారే కనిపెట్టిరని తలపవలదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణమందు ద్రాక్షరసముతో చేసిన మధువునకు దాని పుట్టినచోటినిబట్టి కాపిశాయనము, హారహూరకము అని పేర్లు చెప్పబడినవి. కపిశ నేటి ఆఫ్గనిస్థానములోనిది. కాళిదాసు రఘువంశమున నాల్గవ సర్గలో పారసీకుల గెలిచిన రఘువు సైనికులు ద్రాక్షపందిళ్ల నేలపై జింకతోళ్లు పఱచికొని మధువు త్రాగి బడలిక తీర్చుకొనిరి. అమరసింహుడు ద్రాక్షకు మృద్వీక, గోస్తని, స్వాద్వి మొదలగు పర్యాయపదములిచ్చెను. పేర్లు మన కిన్ని యున్నను తీగె మాత్రము తెలుగుదేశమున నాటికి అరుదే. ద్రాక్షారామమని పేరు విని అచ్చట ద్రాక్షతోట లుండెననుకొందురు. అది దక్షుని ఆరామము, దాక్షారామము. త్రాగుడును గూర్చి మన వాఙ్మయము తీర్పు మాత్రము స్పష్టము. ఆదిపర్వమున శుక్రాచార్యుడు శిష్యుడైన కచుని బూడిదను సురలో కలిపియీయగా ఎఱుగక త్రాగి, తెలిసిన పిమ్మట మద్యమునే శపించెను. గురువు తాను త్రాగి, తనకు జరిగిన కీడు చూచి, లోకమునకు నిషేధము చేసెనని మావారు నవ్వుచు జ్ఞాపకము చేయుదురు.

రోను తోటలకు వచ్చిన ఆపద యొకటి చెప్పవలసియున్నది. మా యన్నగారికి పనికివచ్చినది అదియే. 1863 ప్రాంతమున ఆ నది గట్టున ఒక గ్రామములో తీగెలు కారణము తెలియక ఎండ నారంభించెను. 1868లో ప్లాంషోన్ అను వృక్షశాస్త్రజ్ఞుడు వేళ్లను త్రవ్వి చూడగా కంటికి ఆనీ ఆనని పసుపుపచ్చని పురుగులు గుంపులుగా నుండెను. అమెరికానుండి తెచ్చిన మొక్కలతో వచ్చిన చీడ యది. ఫ్రాన్సు దేశపు తోటలలో పెద్దభాగము దానిచే నశించెను. తుదకు మందును అమెరికానుండియే వచ్చినది. అచ్చటి అడవిద్రాక్ష వేరు ఆ పురుగునకు లొంగదు. దాని మొదలుపై తమ ద్రాక్షకొమ్మను అంటుగట్టిరి. నేడు రోను తీరమున తీగె ఫ్రెంచిది, వేరు అమెరికాది. పరాయియింటి వేరుపై బ్రదికి పూచి కాయుట ఆడువారికి వింత కాదు లెండు.

మన దేశమునను డాగ్‌రిడ్జ్ అను అమెరికా వేరుమొదలుపై ద్రాక్ష నంటుగట్టు పద్ధతి కలదు. ఇచ్చట పురుగు భయముచే గాదు. ఆ వేరు నీటి యెద్దడికిని ఉప్పునేలకును ఓర్చుట చేత. అన్నగారు నాటినవి సొంత వేళ్లవి. ఈ సంగతి విని ఆయన మొన్న కార్తికమున నలుబది వేరుమొక్కలు తెచ్చి, పాత స్తంభముల యొక మూల నాటి, బిందుసేద్యపు గొట్టము పెట్టి, మొదళ్ల చుట్టును చేనిలోని గులకఱాళ్లనే పేర్చిరి. వదినెగారికి ముందుగా చెప్పలేదు. ఆమె చూచియు ఏమియు ననలేదు. ఫలిత మింకను తెలియరాలేదు.

ఆసవపు తోటలు చూడగోరువారు ఫ్రాన్సునకే పోనక్కఱలేదు. మన పినాకిని, అనగా పెన్న, ఏ నందికొండలలో పుట్టి హిందూపురముమీదుగా మన సీమలో ప్రవేశించునో, ఆ నందికొండల దాపున దొడ్డబళ్లాపురమువద్ద సుమారు 3,000 అడుగుల ఎత్తున గ్రోవర్ కుటుంబమువారు 1988 ప్రాంతమున ఫ్రెంచి జాతుల ద్రాక్ష నాటించిరి. బోర్డో ప్రాంతపు మిషెల్ రోలాన్ అను నిపుణుడు వారికి సలహాదారుడయ్యెను. రోను తీరపు సిరాయే అచ్చట షిరాజ్ అను పేర కాబెర్నే అను జాతితో మేళవింపబడుచున్నది. రోనునకు మంచుకొండల నీరు వేసవిలోను తఱుగదు. అదే కొండలలో పుట్టిన మన పెన్నలో ఇసుకయే ప్రవాహము.

మద్యమును గూర్చి తెలుగు స్త్రీలు సలిపిన పోరు సోదరీమణులు మఱచియుండరు. 1948 నాటికి మదరాసు రాజధాని యంతటను నిషేధముండెను. 1954లో ఆంధ్రరాష్ట్రమున ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము నిషేధపు విషయముననే ఒక్క వోటు తేడాతో పడిపోయెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సాక్షరతా తరగతులలో చదివిన పాఠముచే మేలుకొని సారాయి దుకాణమును మూయించిరి. రోశమ్మగారి పేరు అపుడు ఊరూర మ్రోగెను. 1993 అక్టోబరున సారాయి నిషేధింపబడెను, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధము వచ్చెను, 1997లో సడలిపోయెను. ద్రాక్షాసవము గుండెకు మేలని కొందఱు వాదింతురు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 2023 జనవరిలో, ఆరోగ్యమునకు హానిచేయనిదని చెప్పదగిన మద్యపు మోతాదు ఏదియు లేదని ప్రకటించిరి. పండును పండుగా తినుటకును, ఎండబెట్టి కిసిమిసిగా పాయసమున వేయుటకును ఎవ్వరి యనుమతియు నక్కఱలేదు.

ఇన్ని తెలిసికొన్న పిమ్మట ఆ సీసాపై మాకు మునుపటి వెగటు లేకపోయెను. దానిని చేసిన రైతు ఎండకును గాలికిని ఓర్చినవాడు, మా యన్నగారివంటివాడు. ఐనను అది మా కొట్టుగదిలో నుండుటకు వీలులేదు. పాఱబోయుదమన్న మనసొప్పలేదు. అమ్ముట హీనము. సంక్రాంతికి అబ్బాయి తన పెండ్లి శుభలేఖ నిచ్చుటకు వచ్చినపుడు మావారు సీసా తెచ్చి వాని చేతికిచ్చి, "నాయనా, నీ కానుక నాకు చాల నేర్పినది. ఇక నీవే ఉంచుకొనుము" అని, కారణమును దాచక చెప్పిరి. వాడు చిన్నబుచ్చుకొనలేదు. సిగ్గుపడి పాదములకు నమస్కరించెను. మా పనిమనిషి అపుడు వాకిట ముగ్గు దిద్దుచుండెను. సీసాను కారువఱకు తానే మోసెదనని చేయి చాచి పుచ్చుకొనెను. తేలును పట్టుకారుతో పట్టుకొన్నట్లు ఒంటినుండి దూరముగా పట్టుకొని పోయి, వెనుక సీటుపై పెట్టి, కారు మలుపు తిరుగువఱకు చూచి, వచ్చి కాళ్లు కడుగుకొనెను.

ఆ పై ఆదివారము ఆమె పెనిమిటిని వెంటబెట్టుకొని వచ్చినది. మావారు అతనిని అరుగుమీద కూర్చుండబెట్టి గంటసేపు మాటలాడిరి. మేము లోపలినుండి మజ్జిగ పంపితిమి. అతడు తల వంచుకొని వినెను. పోవునపుడు సెలవు గూడ పుచ్చుకొనెను. ఆ వారమంతయు దుకాణమువైపు పోలేదని ఆమె దినదినము వచ్చి చెప్పెను. పై వారమున ఒకదినము పోయినాడట. ఈ ఆదివారము మఱల పిలిచికొనివచ్చెదనన్నది.